ఎద్దులు అలిసిన కాడ ఆగుడే

అమ్మ, నాయిన కుల్కచర్ల నుంచి అమెరికా వస్తున్నారు. మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని అందరం ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు పోదామని ప్లాన్ వేశా. పార్కులో గ్రాండ్ లూప్ రోడ్డు 142 మైళ్లు, అంటే దాదాపు 228 కిలోమీటర్లు. ఒక్కరోజులో చుట్టేయొచ్చనుకుని తొమ్మిది స్పాట్లు రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా.

నాయిన వీడియో కాల్ చేశాడు. "పాంబండ జాతరకు బండి కట్టుకొని పోయేటోళ్లం బిడ్డా. బియ్యం, గిన్నెలు, గడ్డి అన్నీ బండ్లనే. ఎద్దులు అలిసిన కాడ ఆగుడే. నీ లిస్టుల ఆగుడే లేదు. మీ అమ్మ మోకాళ్లు ఎట్ల?"

నోట మాట రాలేదు. అమ్మ నొప్పి అని ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

లిస్టు మళ్లీ రాశా. పార్కులో స్పీడు గంటకు 45 మైళ్లు దాటకూడదు. బైసన్లు రోడ్డెక్కితే అవి కదిలేదాకా ఆగాల్సిందే. అందుకే రోజుకు రెండే స్పాట్లు. రాత్రి మకాం ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో. అక్కడ నీళ్లు, కరెంటు, డ్రైనేజీ కనెక్షన్లు ఉంటాయి. బాత్రూమ్ బండిలోనే కాబట్టి అమ్మ రాత్రిపూట చీకట్లో నడవక్కర్లేదు. ఎలుగుబంట్లు తిరిగే చోటు, గుడ్డ టెంట్లకు అనుమతి లేదు. ఆవకాయ సీసా కూడా బయట వదలొద్దు! పార్కులో ఎక్కువ భాగం 7,500 అడుగుల పైనే ఉంటుంది. ఎండాకాలంలోనూ రాత్రి చలి, అందుకే రగ్గులు తప్పనిసరి.

మీరూ అమ్మానాన్నలతో ట్రిప్పు వేస్తున్నారా? మ్యాప్ తెరిచే ముందు వాళ్లకో ఫోన్ కొట్టండి. ఎక్కడ ఆగాలో వాళ్లే చెప్తారు.