గ్రహణ వేళ వెలిగే కిరీటం

గ్రహణం నాడు గర్భిణియైన అక్కను చీకటి గదిలో ఉంచారని ఒక విద్యార్థి మాతో చెప్పాడు. మేము ఆనాటి పాఠం ఆకాశం నుండే మొదలుపెట్టాము.

సంపూర్ణ గ్రహణ వేళ నల్లని బింబం చుట్టూ మెరిసే తెల్లని వెలుగు కరోనా. అది పది లక్షల డిగ్రీలకు మించి కాగిన పలుచని వాయువు. విద్యుదావేశం గల ఆ వాయువు సూర్యుని అయస్కాంత రేఖల వెంటే పారుతుంది. రేఖ వంగిన చోట వలయమవుతుంది, విప్పుకున్న చోట కిరణమై సాగుతుంది. ఆ అయస్కాంత క్రియ సుమారు 11 ఏళ్లకొకసారి ఉధృతమవుతుంది. అందుకే 2019 జూలై 2న మధ్యరేఖ వైపు సాగిన కరోనా, 2024 ఏప్రిల్ 8న అన్ని దిక్కులా విరబూసింది.

తనయుడు ఇబ్రాహీం మరణించిన నాడే గ్రహణం పట్టినా, అది ఎవరి చావు పుట్టుకల వల్లనూ కాదని దైవప్రవక్త (స) బోధించారు. దుఃఖంలోనూ ఆయన అపోహకు తావివ్వలేదు. గ్రహణ వేళ నమాజు చేద్దాం. గది తలుపులు తెరుద్దాం.