పసివారి పాత దుస్తులు – కాలనిర్ణయం

చరిత్ర అనగానే కోటలు, శాసనాలు, ఫర్మానాలు మాత్రమే స్ఫురించడం మనకు అలవాటు. మన ఇండ్లలో సందూకుల అడుగున మిగిలిన పసివారి దుస్తులు కూడా చరిత్రకు ఆధారాలేనని మా అభిప్రాయం. బిస్మిల్లా నాటి చిన్న షేర్వానీ, అక్షరాభ్యాసం నాటి పట్టులంగా, నానమ్మ కుట్టిన కుళ్లాయి ఏ గ్రంథానికీ ఎక్కని గృహచరిత్రను చెప్పగలవు. అయితే వాటిని చదవడం మనం నేర్చుకోవాలి.

ఇంటివారు నూరేండ్ల నాటిదని చెప్పినంత మాత్రాన వస్త్రం నూరేండ్లది కాదు. అందులోని భాగాలలో అన్నిటికంటె కొత్తది ఏదో గుర్తించాలి. వస్త్రం ఇప్పుడున్న రూపం ఆ భాగం కంటె పాతది కాజాలదు. సింగర్ తన కుట్టుమిషనుకు పేటెంటు పొందినది 1851లో. టిచ్ బటనుకు పేటెంటు లభించినది 1885లో. నైలాను 1938లో లోకానికి వెల్లడి కాగా, పాలియెస్టరు దారం 1941లో రూపొందింది. లోపలి కుట్టు అంచునుండి ఒక్క పోగు తీసి కాల్చి చూడవచ్చును. నూలు కాగితం వలె కాలుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన ఇస్తుంది. పాలియెస్టరు కరిగి గట్టి పూసగా మారుతుంది.

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. చేతికుట్టు కనబడగానే అతి ప్రాచీనమని నిర్ణయించరాదు. అది నేటికీ మన ఇండ్లలో ఉన్నది. బొత్తాము తరువాత మార్చినదై ఉండవచ్చును; దాని క్రింద పాత కుట్టు రంధ్రాలు ఉన్నవేమో వెదకాలి. గుడ్డ అంచున మిల్లు ముద్ర మిగిలి ఉంటే అదృష్టమే. వరంగల్లు ఆజంజాహి మిల్లు స్థాపితమైనది 1934లో. దాని ముద్ర గల గుడ్డ అంతకు పూర్వపుది కాదు. ధర నయాపైసలలో ఉంటే ఆ గుడ్డ 1957, 1964 సంవత్సరాల మధ్యదని చెప్పవచ్చును.

పసివారి దుస్తులలో మరొక విశేషమున్నది. బిడ్డ ఎదుగుతుందని తల్లి లంగా అంచును లోనికి మడిచి కుట్టి, ఏటేటా ఒక్కొక్క మడత విప్పేది. విప్పిన చోట రంగు వెలియని గీత మిగులుతుంది. ఆ గీతలను లెక్కిస్తే బిడ్డ ఎదుగుదలతో పాటు ఆ ఇంటి పొదుపు కూడా తెలుస్తుంది.

ఇట్టి ఆధారాలు మన కండ్లముందే నశిస్తున్నవి. జరీ దుస్తులను వెండి కొరకు కరిగిస్తున్నారు. పాతబట్టలు స్టీలు గిన్నెలకు మారకం అవుతున్నవి. అవసరం కొద్దీ అమ్ముకొనే నిరుపేదలను మేము నిందించము. విలువ తెలియక పారవేసే విద్యావంతులను మాత్రం హెచ్చరించక తప్పదు.

దాచేవారు సైతం పండుగ దుస్తులనే దాచుతున్నారు. నిత్యం తొడిగిన చొక్కా అన్న నుండి తమ్మునికి చేరి, చివరకు బొంతలో కలిసిపోయింది. మిగిలిన షేర్వానీలను మాత్రమే చూచినవారు నాటి పిల్లలందరూ జరీలో పెరిగారని భ్రమపడగలరు. అందువలన జరీ షేర్వానీ కంటె, మూడు అతుకులు పడిన నూలు చొక్కాకే మేము అధిక విలువనిస్తాము. నాటి సామాన్యుల బాల్యానికి సాక్ష్యం పలికేది అదే.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సెలవులలో మీ ఇంటి పెట్టెను తెరవండి. ప్రతి వస్త్రాన్ని శుభ్రమైన తెల్లని నూలుగుడ్డలో చుట్టండి. ఎవరు కుట్టారు, ఎవరు తొడిగారు, ఏ యేడు అనే వివరాలను కాగితంపై వ్రాసి దానితో ఉంచండి. కుట్టు, బొత్తాము, ముద్ర కాలాన్ని కొంతవరకే చెప్పగలవు. తొడిగిన బిడ్డ పేరును చెప్పలేవు. ఆ పేరు తెలిసిన అవ్వలు, దాదీలు, నానీలు మన మధ్య ఉండగానే వారిని అడగడం మన విధి.