కుండ ఎక్కడ పెట్టాలె, ఎవరిని అడిగి పెట్టాలె?

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివినంక తిట్టండి.

సెలవులకు హాస్టళ్ల నుంచి ఇంటికి పోయిన మన పిల్లల్లో ఇప్పుడు ఒక కొత్త ముచ్చట నడుస్తున్నది. ఫోన్‌లో వీడియోలు చూసి ఇంట్లనే బీరు చేద్దామని. కొందరు బార్లీ, ఈస్టు ఆన్‌లైన్‌లో తెప్పిద్దామంటరు. ఇంకొందరు "మనకు బార్లీ ఎందుకు, ఇప్పపువ్వు లేదా, లందా లేదా" అంటరు. ఇద్దరూ చివరికి వచ్చి ఆగేది ఒక్క దగ్గరనే. ఇంట్ల ఎక్కడ పెట్టాలె? అటక మీదనా, మంచం కిందనా, దొడ్లెనా, హన్మకొండల కిరాయికున్న రూములనా?

నా అభిప్రాయం ముందే చెప్తున్న. ఈ ప్రశ్నకు జవాబు చేసేటోడు ఒక్కడే చెప్పుకునేది కాదు. ఆ కప్పు కింద పండుకునే ప్రతి మనిషీ చెప్పాలె. అందరికంటే ముందు ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నదో ఆ మనిషి చెప్పాలె. మన ఇళ్లలో చాలాసార్లు అది అవ్వనో అమ్మనో. కిరాయి రూము సంగతైతే అడిగే పనే లేదు, వద్దు.

లందా గురించి తెలియనోళ్లకు ఒక మాట. ఛత్తీస్‌గఢ్ బస్తర్ వైపు బియ్యప్పిండి ఉడికించి, మొలకెత్తిన గింజల పిండి కలిపి, కొన్ని రోజులు పులియబెట్టి తాగేది లందా. సల్వాజుడుం గొడవల తర్వాత అక్కడి నుంచి వచ్చి మన ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయల ఇళ్లలో దీని గురించి అడిగితే చెప్తరు. బార్లీ బీరు కూడా సూత్రంలో ఇదే. గింజ మొలకెత్తితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది, ఆ చక్కెరను ఈస్టు తిని ఆల్కహాలు చేస్తుంది. అంటే యూట్యూబ్‌లో తెల్లోడు చూపించే విద్య మన ముసలమ్మలకు ఎప్పటి నుంచో తెలుసు. మన పిల్లలు దానికి "క్రాఫ్ట్" అని పేరు పెట్టుకుని మురుస్తున్నరు. మురవనీ.

కానీ ఆ ముసలమ్మలకు తెలిసిన రెండో విద్య వీడియోలో ఉండదు. కుండ చోటు. మా వైపు పాత ఇళ్లలో పువ్వు నానబెట్టిన కుండ ఇంటి నడుమ పెట్టరు. సాయమాన్ల ఒక పక్కకు, పొయ్యి సెగ కొంచెం తగిలేటట్టు, పిల్లలు పండుకునే చోటుకు దూరంగా పెడతరు. నానబెట్టేది అవ్వ, ఎప్పుడు తీయాలో చెప్పేది అవ్వ, ముందుగా పెద్దలకు సాక పోసేదీ ఇంటి పెద్దలే. కుండ అందరి కంటి ముందు ఉంటది కాబట్టి అందులో ఎంత ఉన్నది, ఎవడు ఎంత ముంచుకున్నడు అనేది ఇంటిల్లిపాదికీ తెలుస్తది. పండుగకు పెట్టిన కుండ పండుగతోనే ఖాళీ అయితది. రోజూ తాగేటోడికి ఆ చోటు అస్సలు నచ్చదు. వాడికి కావాల్సింది మాటున్న చోటు.

ఇక ఇప్పటి ఇళ్ల సంగతి. గూడెంలో గాని తండాలో గాని సర్కారు ఇల్లు అంటే ఒక అర్ర, ఒక వంటిల్లు, ముందర కొంచెం వాకిలి. పైన రేకులో స్లాబో. వరంగల్ ఎండ మే నెలలో 42, 43 డిగ్రీలు దాటుతుంది. బీరు ఈస్టుకు మంచిగుండేది సుమారు 18 నుంచి 22 డిగ్రీలు. మన వేడికి అలవాటుపడ్డ రకాలు ఇంకొంత ఓర్చుకుంటాయి గాని, 35 దాటితే రుచి చెడుతుంది, పులుపెక్కుతుంది. అందుకని చేసేటోడు ఇల్లంతా తిరిగి అన్నిటికంటే చల్లగుండే మూల వెతుకుతడు. ఆ మూలలో ఇప్పటికే ఏమున్నది? మంచినీళ్ల రంజన్ ఉన్నది. పసిపిల్ల ఉయ్యాల ఉన్నది. మధ్యాహ్నం తాత నడుం వాల్చేది అక్కడే. ఎంట్రన్స్ పరీక్షకు చదువుకుంటున్న చెల్లె పుస్తకాలు పరుచుకునేదీ అక్కడే. ఆ ఒక్క మూలకు ఇంట్ల అందరికీ హక్కున్నది. నీ డబ్బా అక్కడికి వస్తే వాళ్లలో ఎవరో ఒకరు లేవాలె. ఎవరు లేస్తరో మీకు తెలుసు. మొగపిల్లగాడు లేవడు.

వాసన కూడా చిన్న విషయం కాదు. పులిసే కుండ వాసన వారం పది రోజులు బట్టలకు పడుతుంది. కాలేజీకి పోయే ఆడపిల్ల బస్సులో కూర్చుంటే పక్కనున్నోళ్లు ముక్కు మూసుకుంటే ఎట్లుంటదో ఆలోచించండి. "వీళ్లు ఇంతే, తాగుబోతులు" అనే చూపు మనకు కొత్త కాదు. ఆ చూపును ఆ పిల్ల మోయాలె, బీరు మాత్రం అన్న తాగుతడు.

ప్రమాదం గురించి వీడియోల్లో సగమే చెప్తరు. ఒక కిలో చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు అర కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే సుమారు 270 లీటర్ల గ్యాసు. ఎండిన ఇప్పపువ్వు బరువులో దాదాపు సగం చక్కెరే కాబట్టి, రెండు కిలోల పువ్వు నానబెడితే లెక్క అంతకు వస్తుంది. గాలి ఆడే ఇంట్లో ఒక చిన్న కుండతో ఎవరి ప్రాణమూ పోదు, ఉత్తగ భయపెట్టను. కానీ మన పిల్లలు వాసన రావద్దని చేసే మొదటి పని ప్లాస్టిక్ డబ్బా మూత గట్టిగా బిగించడం. లేకపోతే పులియడం అయిపోకముందే సీసాల్లో పోసి మూతలు కొట్టడం. ఆ గ్యాసుకు పోయే తొవ్వ లేకపోతే సీసా పగులుతుంది, అదీ గాజు ముక్కలతో. మంచం కింద దాచిన సీసా పగిలితే మంచం మీద ఎవరున్నరో చూసుకోవాలె.

ఇదంతా పులియబెట్టడం వరకే. సారా కాయడం, అంటే బట్టీ పెట్టడం, వేరే సంగతి. ఆ ఆవిరి మంటకు అంటుకుంటుంది. పొయ్యి, ఆవిరి, పైన గడ్డి కప్పు, పక్కన గ్యాసు సిలిండరు. కప్పు కింద దాని గురించి చర్చే అక్కరలేదు.

ఇప్పుడు చట్టం. ఇది మనకు నచ్చినా నచ్చకపోయినా తెలుసుకోవాల్సిందే. 1968 నాటి ఎక్సైజ్ చట్టమే ఇప్పుడు తెలంగాణ ఎక్సైజ్ చట్టంగా నడుస్తున్నది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా సారా కాసినా, బీరు చేసినా నేరమే. హైదరాబాద్‌లో లైసెన్సు తీసుకుని మైక్రోబ్రూవరీలు నడుస్తున్నయి, గ్లాసు వందల రూపాయలు. అదే పని గూడెంలో చేస్తే కేసు. మధ్యప్రదేశ్ సర్కారు 2022లో ఇప్పసారాకు "హెరిటేజ్ లిక్కర్" అని పేరు పెట్టి ఆదివాసీ సంఘాల చేత చేయించడం మొదలుపెట్టింది. మన దగ్గర మేడారం తల్లులకు బంగారం అని సమర్పించే బెల్లం కొనబోయినా, గుడుంబాకు పోతుందని ఆధార్ కార్డు అడిగిన రోజులున్నయి. ఇది తేడా కాదా అంటే తేడానే. నాకూ కోపం వస్తది. కానీ ఆ కోపాన్ని అవ్వ ఇంట్ల డబ్బా పెట్టి తీర్చుకోవద్దు అంటున్న.

ఎందుకంటే దొరికినప్పుడు ఇంట్ల ఎవరుంటే వాళ్లే దొరుకుతరు. పొద్దుగాల దాడి జరిగితే పిల్లగాడు ఊర్ల ఉండడు. గుడుంబా దాడులు 2015 తర్వాత గట్టిగా నడిచినప్పుడు, 2020లో లాక్‌డౌన్‌కు మే 6 దాకా షాపులు మూసినప్పుడు మళ్లీ బట్టీలు లేచినప్పుడు, తహసీల్దార్ ముందు బైండోవర్‌కు నిలబడ్డోళ్లలో ఆడోళ్లు ఎందరో మన ఊళ్లలో అందరికీ యాదికున్నది. ఇక చదువుకున్నోళ్లకు ఇంకో లెక్క ఉన్నది. కానిస్టేబుల్‌కో, వేరే సర్కారు కొలువుకో ఎంపికైతే స్టేషన్ నుంచి వెరిఫికేషన్ వస్తది. కిరాయి రూముల దొరికితే కేసు రూములున్న నలుగురి మీదా పడొచ్చు. ఇంటి ఓనర్ ఖాళీ చేయిస్తే తర్వాత "ఎస్టీ పిల్లలకు రూము ఇయ్యం" అనే మాట ఆ వీధి మొత్తం పాకుతది. వచ్చే ఏడు ఏటూరునాగారం నుంచి, కొత్తగూడ నుంచి, గూడూరు నుంచి వచ్చే మన తమ్ముళ్లు రూము కోసం ఆ వీధిలనే తిరగాలె. అందుకే కిరాయి రూముల వద్దు అన్నది. దాంట్ల నాకు రెండో మాట లేదు.

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడం 1978లో కార్టర్ సంతకంతో కేంద్ర చట్టం ప్రకారం సరైంది అయింది. అందులో నాకు నచ్చిన ముచ్చట ఒకటుంది. పెద్దమనిషి ఒక్కడే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే సుమారు 380 లీటర్లు. ఇద్దరో అంతకంటే ఎక్కువమందో ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు. ఇంట్ల ఆరుగురున్నా అంతే. అమ్మొద్దు. అంటే ఆ చట్టం కూడా మనిషిని వదిలి ఇంటిని లెక్కబెట్టింది.

"మన ఆచారాన్ని నువ్వే వద్దంటున్నవా" అని కొందరు అడుగుతరు. కాదు. ఇంటి అవసరానికి తాగే కల్లు కోసం మనోళ్లు ప్రాణాలు ఇచ్చిన చరిత్ర ఉన్నది. 1879లో గోదావరి రంప కొండల్లో లేచిన తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం చిగురుపన్ను. అప్పటిదాకా కొండ జనం ఇంటికి సరిపడా కల్లు గీసుకుని తాగేవాళ్లు. ఆంగ్లేయుల ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఆ హక్కు కాంట్రాక్టర్ల చేతికి పోయి, పైనుంచి పన్ను పడింది. జనం తిరగబడ్డరు. గమనించండి, వాళ్లు కొట్లాడింది ఇంటి కుండ కోసం. దుకాణం పెట్టుకోవడానికి కాదు.

అట్లనే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా దుకాణం మీద లేచిన చరిత్ర కూడా మనదే. ఆ ఉద్యమం ఊరూరికీ పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. ఇద్దరిలో ఎవరు కరెక్టు అని అడిగితే నేను ఇద్దరూ అంటా. రంప కొండోళ్లు, దూబగుంట ఆడోళ్లు ఇద్దరూ ఇప్పుడు మన ఒక్క ఇంట్లనే ఉన్నరు. పండుగకు సాక పోసే అవ్వ, తాగొచ్చినోడి చేతి దెబ్బలు తినే కోడలు ఒక్క పొయ్యి మీదనే వండుతరు. కుండ ఎక్కడ పెట్టాలనే మాట ఆ ఇద్దరి మధ్య తేలాలె. అవ్వ వాకిట్ల పెట్టుమంటది, కోడలు అసలు ఇంట్ల వద్దంటది. కోడలు వద్దంటే వద్దే. ఆచారానికి ఒక చుక్క చాలు, దానికి ఇంకో ఇల్లు దొరుకుతది.

గూడెంలో ఒక పని చేయొచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్న ఊళ్లకు 1996 పెసా చట్టం 4వ సెక్షన్ కింద మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నియంత్రణకు గాని నిషేధానికి గాని గ్రామసభకు అధికారం ఉన్నది. ఇది ఎక్సైజ్ చట్టాన్ని రద్దు చేయదు, కాగితం చూపిస్తే దాడి ఆగుతదని ఎవడన్నా చెప్తే నమ్మకండి. మైదానంలో ఉన్న తండాలకు పెసా వర్తించదు కూడా. కానీ సభలో మాట్లాడితే ఒక లాభం ఉన్నది. ఏ పండుగకు, ఎంత, ఎవరింటి ముందు, అమ్మితే ఏం చేయాలె అనేది ఊరందరి ముందు తేలుతది. తర్వాత ఐటీడీఏకు, ఎమ్మెల్యేకు మధ్యప్రదేశ్ పద్ధతి గురించి అడగాలన్నా చేతిలో ఒక తీర్మానం ఉండాలె కదా. రూములో దాచిన డబ్బాతో ఆ మాట అడగలేం.

ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్‌లో. పువ్వు ఏరేది ఎక్కువగా ఆడోళ్లే, తెల్లారకముందే ఎలుగుబంట్ల భయంతో చెట్ల కిందికి పోయేదీ వాళ్లే. ఆ పువ్వును జీసీసీకి అమ్మాల్నా, ఉట్నూరు వైపు అక్కలు చేస్తున్నట్టు లడ్డూలు చేయాల్నా, పండుగ కుండకు ఎంత తీసిపెట్టాల్నా అనేది కూడా వాళ్లనే అడగాలె. కాబట్టి గ్రామసభ పెట్టేది పువ్వు రాలకముందే, ఫిబ్రవరిలోనే పెట్టాలె. పొద్దుగాల పెట్టకండి, ఆ టైముకు ఆడోళ్లు పనిల ఉంటరు. సాయంత్రం పెట్టండి, వాళ్లు వచ్చి కూర్చున్నంకనే మొదలుపెట్టండి.