స్పృహను వెదికే స్వరం

కదలలేక, మాట్లాడలేక మంచానికే పరిమితమైన మనిషిని లోకం ‘జీవచ్ఛవం’ అంటుంది. ఆ మాట అనడం సులభం. అది నిజమో కాదో తేల్చడం కష్టం.

తలకు బలమైన గాయం తగిలినా, మెదడుకు ప్రాణవాయువు అందకపోయినా మనిషి కోమాలోకి వెళ్ళవచ్చు. కొంతకాలానికి కొందరు కళ్ళు తెరుస్తారు, నిద్రపోతారు, మేల్కొంటారు. కాని తమను గురించిగాని, పరిసరాలను గురించిగాని వారికి ఎరుక ఉన్నట్లు కనిపించదు. దీనిని వైద్యులు ‘వెజిటేటివ్ స్థితి’ అన్నారు. ఎరుక కొద్దిగా ఉండి, అప్పుడప్పుడు మాత్రమే బయటపడే స్థితి వేరు. దానిని 2002లో ప్రత్యేకంగా నిర్వచించారు. ఈ రెండింటి నడుమ గీత చాలా సన్ననిది.

ఆ గీతను గుర్తించడంలో వైద్యులు సైతం పొరబడతారు. లండన్‌లోని రాయల్ హాస్పిటల్ ఫర్ న్యూరో-డిసెబిలిటీలో కీత్ ఆండ్రూస్ బృందం జరిపిన పరిశీలన 1996లో వెలువడింది. వెజిటేటివ్ స్థితిలో ఉన్నారని అక్కడికి పంపిన 40 మందిలో 17 మంది విషయంలో ఆ నిర్ధారణ తప్పని తేలింది. ఆ 17 మందిలో ఎక్కువమంది అంధులు, లేదా చూపు బాగా దెబ్బతిన్నవారు. కంటి ముందు వస్తువును కదిపి, చూపు తిరగలేదు గనుక ఎరుక లేదనడం అటువంటివారి పట్ల ఎంత అన్యాయం!

చూపు పోయినా వినికిడి మిగిలి ఉండవచ్చు. మాటకు పలకని మనిషి పరిచితమైన పాటకు పలకవచ్చు. ఈ ఆలోచనతోనే సంగీత చికిత్సా నిపుణురాలు వెండీ మగీ, ఆమె సహచరులు ‘మాటడాక్’ అనే పరీక్షను రూపొందించారు. ఇందులో 14 అంశాలున్నాయి. శిక్షణ పొందిన చికిత్సకులు రోగి చెంత కూర్చొని స్వయంగా పాడతారు, వాయిద్యం వాయిస్తారు. శబ్దం వచ్చిన వైపు రోగి తల తిప్పాడా, పెదవి కదిపాడా, చెప్పిన పని చేయబోయాడా అని గమనించి నమోదు చేస్తారు. ఒక్కనాటి ఫలితంతో తీర్పు చెప్పరు. నాలుగు పర్యాయాలు పరీక్షిస్తారు.

సంగీతానికి పసిపాప మొదలు పాము వరకు పరవశిస్తాయని పెద్దలు అంటారు. ఇక్కడ కావలసింది మాత్రం పరవశం కాదు, ఆధారం. పాట వినగానే కంట నీరు తిరిగిందని కుటుంబసభ్యులు సంబరపడవచ్చు. అది అసంకల్పిత చర్య అయితే ఆ ఆశ వారిని మరింత కుంగదీస్తుంది. ఒకే స్పందన పాటతోపాటు మళ్ళీ మళ్ళీ కనబడితేనే దానికి విలువ. ఈ పరీక్ష ప్రామాణికతపై 2014లో వెలువడిన పరిశోధనలో పాల్గొన్నవారు 21 మందే. కనుక సంగీతం వైద్య పరీక్షలకు తోడు కావాలేగాని, వాటి స్థానాన్ని ఆక్రమించరాదు.

అయినా ఆ తోడు అవసరమే. నొప్పికి మందు ఇవ్వడం, చికిత్స కొనసాగించడం, పడక పక్కన ఏమి మాట్లాడాలో ఎంచుకోవడం — ఇవన్నీ ఆ ఒక్క నిర్ధారణపైనే ఆధారపడతాయి. ఎరుక లేదని తీర్మానించే ముందు, రోగికి అందగల ప్రతి మార్గంలోనూ పిలిచి చూడడం వైద్యధర్మం. పలకనివారందరూ విననివారు కారు.