కారు మారితే ర్యాలీ మారిపోతుందా?

కార్లు ఎలక్ట్రిక్‌ అవుతున్నాయి. సగం పని సాఫ్ట్‌వేరే చూసుకుంటోంది. ఇక ర్యాలీ రేసింగ్‌లో మిగిలేదేముంది అని అడిగే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. మిగిలేవి మూడు: రోడ్డు, గడియారం, పక్క సీట్లోని మనిషి. ర్యాలీ అంటే అసలు ఇవే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్‌ పక్కన ఫార్ములా ఈ పోటీ జరిగింది. అక్కడ డ్రైవర్‌కు ప్రతి ల్యాప్‌లోనూ అవే మలుపులు. ర్యాలీ అలా కాదు. మన పిట్టలవానిపాలెం చుట్టుపక్కల కాలవగట్టు దారినే ఊహించుకోండి. ఓచోట తారు, ఓచోట కంకర, వానపడితే బురద. ముందే ఆ దారిలో నెమ్మదిగా తిరిగి రాసుకున్న పేస్‌ నోట్స్‌ను కో డ్రైవర్‌ చదువుతుంటే, డ్రైవర్‌ ఆ మాట నమ్మి స్టీరింగ్‌ తిప్పాలి. ఒక్క లైను తప్పు చదివినా కారు కాలవలోనే!

టెక్నాలజీ మారడం కొత్తేం కాదు. 1981లో ఆడి క్వాట్రో ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌తో వచ్చి పోటీల తీరే మార్చేసింది. ప్రాణాలు తీసిన గ్రూప్‌ బి కార్లకు 1986తో తెరపడింది. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లోకి 2022లో హైబ్రిడ్‌ వచ్చింది, 2025కల్లా తీసేశారు. ఆ హైబ్రిడ్‌ కార్ల తొలి పోటీ మాంటె కార్లోలో గెలిచింది 47 ఏళ్ల సెబాస్టియన్‌ లోబ్‌. ఆయనకు నోట్స్‌ చదివిన ఇసబెల్‌ గల్మీష్‌ వృత్తిరీత్యా లెక్కల టీచరు!

ఇంకో మాట. ఊరి రోడ్డు మీద దూసుకుపోవడాన్ని ర్యాలీ అనుకోకండి. ర్యాలీలో వేగమంతా జనాన్ని ఆపేసిన స్టేజీల్లోనే. స్టేజీకీ స్టేజీకీ మధ్య అందరిలాగే ట్రాఫిక్‌ రూల్స్‌ పాటించాలి. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో టైమ్‌ కంట్రోల్‌కు ఆలస్యంగా వస్తే నిమిషానికి 10 సెకన్ల పెనాల్టీ. తొందరపడి ముందే వస్తే నిమిషానికి ఏకంగా నిమిషం!

కాబట్టి ఐటీఐ, డిప్లొమా, బీటెక్‌ చదువుతున్న మీరు బ్యాటరీలు, సెన్సర్ల గురించి నేర్చుకోండి. సస్పెన్షన్‌, బ్రేకుల పని మాత్రం వదలొద్దు. ఏ ఇంధనంతో నడిచినా గుంతలో పడేది చక్రమే. సర్వీస్‌ పార్కులో లెక్కగా ఇచ్చిన నిమిషాల్లో దాన్ని బాగుచేసేవాళ్లు కావాల్సిందే. డ్రైవింగ్‌ సీటు అందరికీ దక్కదు. లెక్క, ఓపిక, స్పష్టమైన గొంతు ఉంటే పక్క సీటు గురించి ఆలోచించండి.