పతకం వస్తేనే మన బిడ్డలా?

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన నిరుపేద ఇంటి బిడ్డ దీప్తి జీవాంజి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి, మేధోవైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. సంతోషమే. కానీ ఈ అమ్మాయినే చిన్నప్పుడు పిచ్చిదని, కోతి అని ఏడిపించింది మన సమాజమే. అనాథాశ్రమంలో వదిలేయమని కన్నవాళ్లకు సలహా ఇచ్చిందీ మనమే. బడిలో ఎవరో గమనించబట్టి, కోచ్ నాగపురి రమేశ్ కంటపడబట్టి ఆమె బయటపడింది. ఎవరి కంటా పడని పిల్లల మాటేమిటి?

ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న ప్రతి బడీ దివ్యాంగ విద్యార్థులకు మిగతావారితో సమానంగా ఆటల అవకాశం కల్పించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. క్రీడల్లో వారి భాగస్వామ్యం ప్రభుత్వాల బాధ్యతని 30వ సెక్షన్ నిర్దేశిస్తోంది. మరి జరుగుతున్నదేమిటి? ఆటల గంట కొట్టగానే తరగతంతా మైదానంలోకి పరిగెడుతుంది. మేధోవైకల్యమున్న పిల్లవాడు చెట్టు కింద తోటివాళ్ల సంచులకు, చెప్పులకు కాపలా కూర్చుంటాడు. దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబరు 3న మాత్రం కుర్చీలాట ఆడించి, బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి ఫొటో తీసుకుంటారు. ఇది దయ కాదు, హక్కును ఎగ్గొట్టడం.

ఆట వీరికి కాలక్షేపం కాదు. విజిల్ వినగానే కదలడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, బూట్ల లేసులు తానే కట్టుకోవడం మైదానంలోనే అలవడతాయి. 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్ ఉద్యమం వైకల్యం ఉన్నవారినీ లేనివారినీ ఒకే జట్టులో ఆడిస్తోంది. బంతి అందించాల్సిన తోటివాణ్ని ఎవరూ వెక్కిరించరు. ఇంటికీ అంతే మేలు. నలుగురి చూపులకు జంకి పెళ్లిపేరంటాలు మానుకున్న తల్లి మైదానం గట్టున తనలాంటి తల్లులతో మనసు విప్పి మాట్లాడుతుంది. చెల్లినో తమ్ముడినో స్నేహితులకు చూపడానికి వెనకాడిన అన్న, వాళ్ల పక్కనే నిలబడి ఆడతాడు.

ప్రత్యేక పాఠశాలలున్నాయి కదా అని చేతులు దులుపుకొంటే కుదరదు. వేరే గోడల మధ్య ఆడించినంత కాలం సమాజం మారదు. మేధోవైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచీ సికింద్రాబాద్‌లోనే ఉంది. పీఈటీలకు అక్కడ శిక్షణ ఇప్పించడానికి అడ్డేమిటి? మండల స్థాయి పోటీల్లో ఉమ్మడి జట్లను తప్పనిసరి చేయాలి. పిల్లల వెంట వచ్చే తల్లికి దారిఖర్చులివ్వాలి. సంచుల కాపలాకు కూర్చోబెట్టిన బడిని సంజాయిషీ అడగాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ విద్యా సంవత్సరంలోనే ఆ ఉత్తర్వులు ఇవ్వాలి. ఆ పని చేయకుండా విజేతలకు ఎన్ని శాలువాలు కప్పినా ఈ తప్పు కప్పబడిపోదు.