కుంటుతూ నడిచిన విజేత

ఉప్పల్‌లోనో నాచారంలోనో ఏ చర్చిలోనైనా చూడగల దృశ్యమిది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ ముగించుకున్న ఒక సహోదరి ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. ‘స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు’ అనగానే సంఘమంతా చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతించింది. నెలల తరబడి ఆమె కోసం ఉపవాసముండి ప్రార్థించినవారి ఆనందమది. అందులో కల్మషం లేదు. కాని ఆరు నెలలు తిరక్కుండానే ఆమె చర్చికి రావడం తగ్గించింది. ఎందుకమ్మా అని అడిగితే ఆమె జవాబిది: ‘‘అందరూ బాగున్నావా అక్కా అంటారు. బాగున్నానంటే అబద్ధం. బాగాలేదంటే ఆ రోజు చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోతుంది.’’

ఆమె ఇరకాటం అర్థం కావాలంటే చికిత్స తర్వాత శరీరం ఎలా ఉంటుందో తెలియాలి. కణితి పోయినంత మాత్రాన చికిత్స మిగిల్చిన బాధ పోదు. పాక్లిటాక్సెల్ వంటి మందులు నరాలనూ దెబ్బతీస్తాయి. వేలి కొసలు మొద్దుబారడం, అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు నెలలకొద్దీ, కొందరికి ఏళ్లకొద్దీ ఉంటాయి. నెలసరి ఆగిన స్త్రీలకు జబ్బు తిరగబెట్టకుండా అయిదేళ్లో, అంతకంటే ఎక్కువో ఇచ్చే లెట్రోజోల్ వంటి మాత్రలతో చాలామందికి పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుంటాయి. చంకలో లింఫ్ గ్రంథులు తీసేసినవారిలో కొందరికి ఆ చేయి వాస్తుంది. గుట్కా, ఖైనీల వల్ల వచ్చిన నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారికి లాలాజలం సరిగా ఊరదు, నోరు పూర్తిగా తెరుచుకోదు. వీటన్నిటికీ తోడు అలసట. పని చేస్తే వచ్చి, నిద్రపోతే పోయే అలసట కాదది. రాత్రంతా పడుకుని లేచినా వీపు మీద బస్తా మోస్తున్నట్టే ఉంటుంది.

ఆ శరీరంతో చర్చికి రావడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. మోకాళ్లూనమంటే కీళ్లు సహకరించవు. చాప మీద కూర్చున్నాక లేవడమే ఒక యాతన. ప్రభువు బల్ల దగ్గర ఆ చిన్న గిన్నె మొద్దుబారిన వేళ్ల మధ్య నిలవదు. ఎండిన నోట్లో రొట్టె ముక్క దిగదు. ఇవేవీ పక్కనున్నవారికి కనిపించవు. జుట్టు మళ్లీ వచ్చింది, ముఖం కళగా ఉంది, ఇంకేం కావాలనుకుంటారు. ‘స్వస్థత పొందావు కదా, ఇంకా నొప్పులంటావేంటి? విశ్వాసంతో లే’ అని మంచి మనసుతోనే అంటారు. ఆ మంచిమాటే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది.

పేతురు అత్త జ్వరం వదలగానే లేచి అందరికీ ఉపచారం చేసింది (మార్కు 1:31). కోలుకున్న ప్రతివారికీ మనం ఆమెనే కొలతగా పెడుతున్నాం. అదే మార్కు సువార్తలో యాయీరు కూతురి కథ కూడా ఉంది. చనిపోయిందనుకున్న పన్నెండేళ్ల పిల్ల లేచి నడిచింది. ఆ గదిలో అందరూ ఆశ్చర్యంతో నిలబడిపోయారు. ప్రభువు మాత్రం ఆ పిల్లకు తినడానికేదైనా పెట్టమన్నాడు (5:43). అద్భుతం చేసినవాడికే ఆ తర్వాత ఆ ఒంటికి ఏం కావాలో గుర్తుంది. చూస్తున్నవారికి గుర్తులేదు. మన పరిస్థితీ అదే.

ఈ విషయంలో బైబిలు మన ముందుంచిన మనిషి యాకోబు. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడాడు. తెల్లవారేసరికి ఆశీర్వాదం పొందాడు, ఇశ్రాయేలు అనే కొత్త పేరు పొందాడు. దాంతోపాటు తొడగూడు తప్పింది. సూర్యోదయమయ్యే వేళకు అతడు కుంటుతూ పెనూయేలు దాటాడు (ఆది 32:31). గెలుపు, కుంటు రెండూ ఒకే రాత్రి వచ్చాయి. కుంటుతున్నాడు కాబట్టి ఆశీర్వాదం అబద్ధమని ఎవరూ అనలేదు. చికిత్స తర్వాత నొప్పులతో నడుస్తున్న మన అక్కలు, అన్నలు యాకోబు వరుసలోనివారే. వారి నొప్పి వారి సాక్ష్యాన్ని కొట్టివేయదు.

ఆ మర్నాడు జరిగింది మనం అంతగా ధ్యానించం. నాలుగువందల మందితో ఎదురొచ్చిన ఏశావు, ‘పద, కలిసి వెళ్దాం’ అన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చే గొర్రెలున్నాయి, ఒక్కరోజు వడిగా తోలినా మంద చచ్చిపోతుంది, కాబట్టి వాటి నడకను బట్టి మెల్లగా వస్తానన్నాడు (ఆది 33:13, 14). నిన్నటిదాకా ప్రతి పందెంలోనూ అన్న కంటే ముందుండాలని చూసినవాడు, కుంటు వచ్చాక మెల్లగా నడవడమెలాగో నేర్చుకున్నాడు.

కోలుకుంటున్నవారికి ఇది బంగారంలాంటి సలహా. కాస్త ఓపిక అనిపించిన రోజున వారం పనంతా ఒక్కసారే చేసి, తర్వాత మూడు రోజులు మంచమెక్కేవారు చాలామంది. పనిని పంచుకోవాలి, మధ్యలో ఆగాలి. అలాగని పూర్తిగా పడుకోవడమూ మందు కాదు. క్యాన్సర్ అలసటకు బాగా పనిచేస్తుందని రుజువైన వాటిలో వ్యాయామం ముఖ్యమైనది. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున, ఓ మోస్తరు వేగంతో నడక వంటి వ్యాయామం 8 నుంచి 12 వారాలు చేస్తే అలసట తగ్గుతుందని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలిచిన నిపుణులు 2019లో తేల్చిచెప్పారు. డాక్టరును అడిగి, అయిదు నిమిషాలతో మొదలుపెట్టినా చాలు.

అలాగే ప్రతి బాధనూ ‘మందుల ప్రభావమేలే’ అని సరిపెట్టుకోకూడదు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, మనసు కుంగడం కూడా అలసట తెస్తాయి. వీటికి చికిత్స ఉంది. కొత్తగా వచ్చి రోజురోజుకూ పెరుగుతున్న నొప్పి, ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వెంటనే చూపించుకోవాలి. కీళ్ల నొప్పులని లెట్రోజోల్‌ను సొంతంగా ఆపేయకూడదు. డాక్టరుకు చెబితే మందు మార్చే వీలుంటుంది. చేయి వాపుకూ, నోరు తెరుచుకోకపోవడానికీ ఫిజియోథెరపీ ఉంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే లక్డీకాపూల్. అక్కడికి దగ్గర్లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి ఉపశమనానికి ప్రత్యేక విభాగమే ఉంది. నొప్పికి మందు అడగడం అవిశ్వాసం కాదు.

నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో రోజంతా నిలబడి పనిచేసే విశ్వాసులకు మరో భయం ఉంటుంది. పనిలోకి వెళ్తే శరీరం ఆగదు, వెళ్లకపోతే ఇల్లు గడవదు. వారికి ఒక సంగతి తెలియాలి. ఈఎస్ఐ పథకంలో ఉన్న కార్మికులకు అనారోగ్య భృతి ఉంది. క్యాన్సర్‌తో సహా 34 దీర్ఘకాల వ్యాధులకు, షరతులకు లోబడి, వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు దాన్ని పొడిగిస్తారు. చదువుకున్న యువకుడొకరు వారితోపాటు వెళ్లి కాగితాలు నింపిపెట్టినా అది పరిచర్యే.

ఉప్పల్ వాసులకు యువరాజ్ సింగ్ కథ తెలుసు. 2012లో అమెరికాలో క్యాన్సర్‌కు కీమోథెరపీ చేయించుకుని, అదే ఏడాది మళ్లీ మైదానంలోకి దిగాడు. 2017 ఏప్రిల్ 5న మన ఉప్పల్ స్టేడియంలోనే సన్‌రైజర్స్ తరఫున 27 బంతుల్లో 62 పరుగులు బాదాడు. ఆ కథ విని ధైర్యం తెచ్చుకోవడం మంచిదే. దాన్ని చూపించి ‘ఆయన ఆడగా లేనిది నీకేమైంది’ అని ఇంకొకరిని నిలదీయడమే తప్పు. జబ్బు వేరు, మందులు వేరు, వయసు వేరు, ఇంట్లో ఉన్న ఆసరా వేరు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు దాటడమంటే ఒకప్పుడు ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. 2023లో అక్కడ స్కైవాక్ కట్టారు. మెట్లెక్కలేనివారి కోసం లిఫ్టులు పెట్టారు. లిఫ్టు ఎక్కినవారిని ఎవరూ ‘నీకు నడిచే విశ్వాసం లేదా’ అని అడగరు. రోడ్డు దాటించడానికి ఊరు చేసిన ఏర్పాటు, ఆరాధనకు చేర్చడానికి సంఘం చేయలేదా? ముందు వరుసలో వీపుకు ఆనుకునే కుర్చీ ఒకటి వేయండి. కూర్చునే ప్రార్థించవచ్చని పాస్టరు గారే పుల్పిట్ మీద నుంచి చెప్పాలి. బల్ల దగ్గర రొట్టె చిన్న ముక్క చేసి, గిన్నె పట్టుకోవడానికి చేయి సాయం ఇవ్వండి. ఆల్‌నైట్ ప్రార్థనకు రాలేదని లెక్క రాయకండి. సాయంత్రం ఓ అరగంట ఆమె పక్కన, ఆమె నడకలోనే నడిచే ఒక తోడును ఏర్పాటు చేయండి. వారానికి రెండు పూటలు కూర వండి పంపండి. యాయీరు ఇంట్లో ప్రభువు చెప్పిందీ అంతకంటే పెద్ద పనేం కాదు.

యాకోబు కుంటు తర్వాత బాగైనట్టు బైబిల్లో ఎక్కడా రాయలేదు. ముసలితనంలో అతడు చేతికర్ర మీద ఆనుకుని దేవునికి నమస్కరించాడని మాత్రం రాశారు (హెబ్రీ 11:21). విశ్వాసవీరుల పట్టికలో యాకోబుకు దక్కిన చిత్రం అదే. అన్నను గెలిచిన యౌవనం అక్కడ లేదు, మందలు పెంచిన సంపద లేదు. కర్ర ఉంది, ఆరాధన ఉంది. కుంటుతూ నడిచిన ఆ మనిషి పేరునే దేవుడు తన ప్రజలందరికీ పెట్టుకున్నాడు.

వచ్చే ఆదివారం ఆ సహోదరి గుమ్మం దగ్గర కనిపిస్తే ‘బాగున్నావా అక్కా’ అని అడగండి. అడిగి ముందుకు సాగిపోకుండా జవాబు కోసం కాసేపు ఆగండి. చప్పట్ల మధ్య విన్నది ఆమె మొదటి సాక్ష్యం. నొప్పితోనే నేటిదాకా దేవుడు ఎలా నడిపిస్తున్నాడో చెప్పే రెండో సాక్ష్యం ఇంకా ఆమె దగ్గరే ఉంది. ఆగినవారే దాన్ని వినగలరు.